స్టిక్కు

సీసం కొనేవాడు రామాయపట్నం నుంచి వచ్చాడు,
వలలకు గుండ్లు పోసుకోడానికి.
కేసులు కేసులుగా గోతాంలోకి గుమ్మరించుకుంటూ
అ నుంచి ఱ దాకా
కాటాలో ఒకటే ధర అన్నాడు.
దీన్ని మాత్రం అయస్కాంతానికి ఆనించి చూసి
"ఇది ఇనుము, నాకొద్దు తల్లీ" అని
గట్టు మీద పెట్టి పోయాడు.

జానెడు పొడవు. మూడు వైపులే గోడ.
కందుకూరు పామూరు రోడ్డు ప్రెస్సులో
మాలకొండయ్య దీన్ని నా ఎడమ చేతిలో పెట్టేనాటికి
నాకు పద్నాలుగేళ్లు.

అక్షరం పక్కన అక్షరం తలకిందులుగా నిలబెడుతుంటే
బొటనవేలు చివరిదాన్ని ఒత్తిపట్టాలి.
వదిలావా, వరసంతా జారుతుంది.
కొలత నిండకపోతే స్పేసు. అదీ పట్టకపోతే
చార్మినార్ పెట్టె అట్ట చీల్చి ఒక పీలిక.
ఆపైన స్టిక్కుని కాస్త వంచి చూసేవాడు,
ఉగ్గుగిన్నె వంచినట్టు.
"వాక్యం నిలబడిందా లేదా
అర్థం చెప్పదు మే, వేలు చెబుతుంది."

పెళ్లిళ్ల నెలల్లో ళకి ఒత్తులు చాలేవి కావు.
పొగాకు బ్యారన్ల రసీదులకి సున్నాలు చాలేవి కావు.
ఙ గడిలో మాత్రం నాలుగంటే నాలుగు
సిరా ఎరగకుండా మెరుస్తుండేవి.
"పనికి రాకుండా జీతం తీసుకునేవాళ్లు" అని నవ్వేవాడు.
ఒక ఇంటికి శుభలేఖ వేసిన వారానికే
పదో రోజు కార్డు వేశాం.
కొలత మార్చలేదు, చుట్టూ బార్డరు మార్చాం.
ఆ రోజు మాత్రం నవ్వలేదు.

ఇప్పుడు పక్క మర తుప్పుపట్టి
ఒకేచోట బిగుసుకుంది. అది ఆయన చివరి కొలత.
బీరువాలో శాంపిళ్లన్నీ తెచ్చి ఆనించి చూశాను.
శుభలేఖ కాదు. రసీదు కాదు.
సినిమా టికెట్టు కాదు, తిరణాల కరపత్రం అసలే కాదు.
ఎవరిచ్చిన పనో,
ఎవరూ ఇవ్వకుండా తనే మొదలెట్టిందో.

కిరసనాయిలు రెండు చుక్కలు వేసి
రెంచి పట్టి
మర కిర్రుమన్నాక ఆపేశాను.
అది కదిలితే
ఆ కొలత ఇంక ఎక్కడా ఉండదు.

అక్షరాలు ఈపాటికి కరిగి
వల అంచున వేలాడుతూ
కానాగంతల కోసం నీళ్లలోకి దిగి ఉంటాయి.
ఖాళీ స్టిక్కుని ఎడమ చేతిలోకి తీసుకున్నాను.
నేను చెప్పకుండానే బొటనవేలు లోపలికి వంగి,
చివరి అక్షరం ఉండాల్సిన చోట
గట్టిగా ఆనింది.