లోకుట్టు

మకాంజిరా సంతలో, చేపలు ఎండేసే మంచెల పక్కన
నాకో కుట్టు మిషను, దానికో సొరుగు.
సొరుగులో పైన బాబిన్లు, సుద్దముక్క, విరిగిన సూదులు.
అడుగున, పాత కాగితాల మాటున
పదకొండు మంది ఆడవాళ్ళ ఆసుపత్రి కార్డులు.

ఇంట్లో దాచుకునే చోటు లేక నాకిచ్చారు.
మూడు నెలలకోసారి గుర్తు చేయడం నా పని.
"నీ జాకెట్టు తయారైంది" అని కబురు పంపుతాను.
జాకెట్టు ఉండదు.
ఆ మాట అందినామె బుట్ట తలకెత్తుకుని
సూది వేసే నర్సు దగ్గరికి నడుస్తుంది.

టేపుకి అబద్ధం రాదు.
ఫైనెస్సీకి ఏడాదిలో నడుము నాలుగంగుళాలు పెరిగింది.
ఆసియాతుకి గోరంత తేడా లేదు, అదే మందు, అదే చేయి.
జైనబు చిక్కిపోయింది,
సూది వల్లో, జనవరి వల్లో నాకు తెలియదు.
నర్సునడిగితే "ఒక్కో ఒంటిది ఒక్కో లెక్క" అని
తర్వాతి మనిషిని పిలిచింది.

ఒళ్ళు చేసింది అంటారు చూసినవాళ్ళు.
ఎవరు చేశారమ్మా ఆ ఒళ్ళు?
దేంతో చేశారు, ఇంట్లో గింజ లేనప్పుడు?

జనవరి అంటే మా వైపు మొక్కజొన్న ఇంకా మోకాలెత్తు.
గాదె గీరితే గోళ్ళలోకి మట్టి వస్తుంది.
అలాంటి ఓ మధ్యాహ్నం మ్వాండిడా నా బల్ల మీద కూర్చుని చెప్పింది:
"ఆకలి నాకు తెలుసక్కా,
చిన్నప్పటి నుంచీ దాన్ని పక్కలో వేసుకునే పడుకున్నాను.
ఇది అది కాదు.
ఎవరో ఇంట్లోకొచ్చి దిగినట్టు
అర్ధరాత్రి లేచి గిన్నెలు కదుపుతుంది.
కుండకంటిన మాడు నీళ్ళలో నానబెట్టాను,
పొద్దున పిల్లల గంజిలో కలుపుదామని.
చీకట్లో నేనే తినేశాను.
తెల్లారి చిన్నది కుండలోకి చూసి
తర్వాత నా వైపు చూసింది.
మానేద్దామనుకున్నా ఈ సూది.
మళ్ళీ వేళ్ళ మీద లెక్కేసుకున్నా,
నాకొక్కదానికి పెరిగిన ఆకలి ఇటు,
ఇంకో నోరు పుడితే అటు..."
మాట ముగించకుండా
నా చేతిలో దారం తీసుకుని పళ్ళతో తెంపింది.

ఆమె జాకెట్టు రెండుసార్లు విప్పి కుట్టాను.
మొదటిసారి లోపలి మడతే సరిపోయింది.
రెండోసారి చంకల కింద అతుకు వేశాను,
రంగు కలవలేదు.

ఆ అతుకే పట్టుకున్నాడు మసౌకో.
చేతులకి పొలుసులతో సరస్సు నుంచి నేరుగా వచ్చి
మిషను మీద జాకెట్టు పడేశాడు.
"చేపకి కరువు, పిండికి కరువు.
నా పెళ్ళాం ఎలా లావెక్కుతోంది?
ఎవడు పెడుతున్నాడు దానికి తిండి?"

తిండి గురించే అడిగాడు గానీ
కళ్ళలో ఉన్నది తిండి కాదు.
మోకాలు సొరుగుకి అడ్డం పెట్టాను.
లోపల కార్డు మీద ఆమె పేరు, తారీకులు,
యాభై రెండు, యాభై అయిదు, యాభై తొమ్మిది.

"లావేంటి," అన్నాను, "గుడ్డ ముడుచుకుంది.
ఈ కొత్త చితెంజేలన్నీ ఇంతే, రెండు ఉతుకులకే కురచ.
నీ చొక్కా చూసుకో, గుండీ ఎలా లాగుతోందో."
వంగి చూసుకున్నాడు.
నిజంగానే లాగుతోంది.
దాని గురించి ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

అప్పట్నుంచి ఎవరికి కుట్టినా
లోపల రెండు వేళ్ళ వెడల్పు వదులుతున్నాను.
గుడ్డ దండగ అంటారు కొందరు.
కుట్టూ గుట్టూ నా దగ్గర ఒకే దారం మీద నడుస్తాయి.

ఈ బుధవారం మ్వాండిడాకి కబురు పంపాను.
పొద్దు వాలేవేళ వచ్చింది, చేయి రుద్దుకుంటూ.
"అరవై ఒకటి" అంది.
నా మధ్యాహ్నపు కర్రపెండలం ఇంకా ఆకులోనే ఉంది.
విరిచి పెద్దముక్క అటు జరిపాను.
ఇటు తోసింది.
కాసేపు సరస్సు వైపు చూసి
తనే చేయి చాచి తీసుకుంది.