మర బుడిపె

మోంటెబెల్లూనాలో మూడు రోజులుగా వాన.
ఉల్డెరికో బల్ల మీద పదకొండు బూట్లు వెల్లకిలా,
కాళ్ళెత్తిన బొద్దింకల్లా.

ఒక్కో బుడిపెనీ వేళ్ళు నొప్పెట్టేదాకా బిగించి
బురద తొక్కే యంత్రానికి అప్పగిస్తాడు.
అది వణికిస్తుంది.
మర, ఎవరూ చూడనప్పుడు,
వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది.

పోయిన ఆదివారం ఊడిన బుడిపె
గోల్ ముందు గడ్డిలో దొరికింది.
సిల్వానో చీలమండ ఇంకా కట్టులోనే ఉంది.
బుడిపె మాత్రం ఉల్డెరికో జేబులో, చిల్లర మధ్య.
కాఫీకి డబ్బులిద్దామంటే
ముందు అదే చేతికొస్తుంది.

జిగురు పోసేద్దామంది కూతురు ఫియొరెంజా.
"అంటుకుపోతే అది మేకు, మర కాదు.
రేపు నేల ఎండితే పొట్టివి పెట్టుకోవద్దూ?"

ఇరవై మూడో నమూనా.
అడుగంచున వాలుగా పళ్ళు కోశాడు,
వచ్చేదానికి దారిచ్చి
పోయేదాన్ని కరిచిపట్టేలా.
చెవి ఆనించి తిప్పాడు.
టిక్. టిక్.
టిక్.
లాగితే రాలేదు. సుత్తితో కొడితే
సుత్తే జారింది.
తాళంచెవి పెట్టి మెల్లగా నొక్కితే
అలిగిన మనిషి, పేరుపెట్టి పిలిస్తే
ఇటు తిరిగినట్టు, వదిలింది.

నవ్వలేదతను.
మళ్ళీ బిగించి యంత్రానికి తొడిగాడు.
అరగంట.
కాఫీకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు,
జేబులో చెయ్యి పెట్టుకుని.