ఆరు వారాల సిమెంటు

బెర్గెన్‌లో వాన ఆగదు.
"ఈ ఊళ్ళో సిమెంటు ఆరాలంటే
దేవుణ్ణి కాదు, టార్పాలిన్‌ని నమ్ముకోవాలి" అంటాడు
నలభై ఏళ్ళు గోడలు కట్టిన టోర్లైవ్.

కొత్త తుంటి కీలు పెట్టిన పదో నెలకి
చుట్టూ చీము చేరింది.
లోహమ్మీద పాచిలా పట్టిందాన్ని
ఏ మందూ కడగలేకపోయింది.
కీలు పీకేశారు.
ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద,
ఆరు వారాలకి అద్దెకొచ్చిన ఎముక.

మత్తు దిగగానే మొదటి మాట:
"పాళ్ళెంత?"
డాక్టర్ సున్నివా నవ్వలేదు.
ఇంత పొడికి ఇంత మందని
వేళ్ళమీద లెక్క చెప్పింది.
మందెక్కువైతే పెళుసెక్కుతుందని ఆయనే అన్నాడు.

రాత్రి రెండింటికి సెలైన్ మార్చబోతే
మేలుకునే ఉంటాడు.
"ఇది కూల్చడానికే కట్టింది, ఇంగున్.
ఇట్లాంటి పని నేనెప్పుడూ ఒప్పుకోలేదు."

రక్తపరీక్షలో అంకె
నూట నలభై, అరవై, మళ్ళీ తొంభై.
ఆ రోజు ఎవ్వరితోనూ మాట్లాడలేదు.

ఇవాళ పన్నెండు.
ఊతకర్రలతో కిటికీ దాకా వచ్చాడు,
ఆ కాలు నేలకి ఆనీ ఆనకుండా.
ఎదుటి మేడకి పచ్చి గిలాబా.
ఎవడో పట్టా కప్పడం మరిచాడు.
వాన.
"తిట్టు వాణ్ణి," అన్నాడు, "నాకు అరిచే ఓపిక లేదు."

కిటికీ తెరిచాను.