అట్టముక్క

ఖదీర్ ఉస్తాద్ నా చేతికి మొదలు పానా ఇయ్యలె.
ఫ్రిజ్జు పెట్టె కోసి ఒక అట్టముక్క ఇచ్చిండు.
"రాత్రి బండి కింద ఏసి పో.
పొద్దుగాల వచ్చి ఏం రాసిందో సదువు."

ఆజామాబాద్ రేకుల షెడ్డు.
సంచిల మల్లేపల్లి ఐటీఐ కాయితం, నాలుగు మడతలు.
ఆడ నాలుగు స్ట్రోకుల బొమ్మ గీస్తే పదికి తొమ్మిది పడ్డయి.
ఈడ అట్ట మీద నాలుగు చుక్కలు,
ఒక్కటి సదవరాలె.

నల్లది ఇంజన్ ఆయిల్. వాసన చూడు, మాడిన వాసన.
ఎర్రది స్టీరింగ్‌ది.
పచ్చది రేడియేటర్‌ది, తియ్యగుంటది, విషం,
ఆ ఏలు నోట్లె పెట్టకు.
చక్రం పక్కపొంటి జిగటగుంటే బ్రేకుది,
ఆ బండి తాళం ఓనర్ ఏడ్చినా ఇయ్యకు.
రంగు లేనిది ఏసీ నీళ్లు.
దానికి నువ్వు భయపడకు, కస్టమర్‌ను భయపెట్టకు.

చిలకలగూడల మా అమ్మ
తెల్లారంగనే చుక్కలు పెట్టి గీత కలుపుతది.
నేను కలిపే గీత పైకి పోతది,
చుక్క కాడినుంచి సంపు, సంపు కాడినుంచి గాస్కెట్,
ఎల్లెలకల పండుకొని, కంట్ల మట్టి రాలంగ.

మూడో నెలల బాల్‌నర్సయ్య టాక్సీకి
ఒక్కదాన్నే ఆయిల్ మార్చిన.
కాగిన నూనె మోచేతి దాక కారింది.
ఫిల్టర్ రబ్బరుకు ఏలుతోని కొత్త నూనె రాసిన.
సంపు బోల్టు బిగించిన. ఇంకింత బిగించిన.
ఆడపిల్ల బిగింపు వదులని ఎవ్వరనొద్దని
పానా మీద కాలు పెట్టి మరీ బిగించిన.
రాగి వాషర్ ట్రేల్నే ఉన్నది.
ఆనొస్తుండె, బస్సు పోతుండె,
అట్ట ఎయ్యలె.

రాత్రి మూడింటికి ఆరాంఘర్ కాడ
ఆయన ముంగట ఎర్ర దీపం ఎలిగింది.
ఎలగంగనే ఇంజన్ బందు పెట్టిండు, అందుకే బతికింది.
ఎయిర్‌పోర్టు సవారీ ఇంకో బండెక్కి పోయింది.
తెల్లారినంక నన్ను తిట్టలె.
"పన్నెండు నూర్ల కిరాయి బిడ్డా" అన్నడు, ఒక్కసారే.
తిట్టినా బాగుండు.

సంపు మరలు కొరుక్కపోయినయి.
ఉస్తాద్ దస్తీల సుట్టి దాసుకునే టార్క్ రెంచి బయటికి తీసిండు.
తుక్కుల పాత సంపు ఒకటి బల్ల మీద పెట్టిండు.
"జోర్ నక్కో బేటా. చెవి పెట్టు."
యాభైసార్లు ఇప్పిన, యాభైసార్లు బిగించిన.
టక్.
ఆ టక్ కాడ చేయి ఆగాలె.
ముప్పయ్యోసారికి చేతికి తెలిసింది,
నాకు ఇంక కొన్ని దినాలు పట్టింది.

ఆనకాలం. ఇప్పుడు కింది పని.
గుంతల నిలబడి సలాక పెట్టి లోయర్ ఆర్మ్ లేపుత,
బుష్ పగిలితే ముసలోళ్ల మోకాలోలె కిర్రుమంటది.
చక్రం రెండు చేతుల పట్టి ఊపుత,
ఊగొద్దు. ఊగితే టైరాడ్.
మోత ఇని జంగీర్ బండి ఏ తొవ్వల వచ్చిందో చెప్తడు,
"ఇది లాలాపేట గుంత, ఇది నాచారం గుంత" అని.
సగం అబద్ధాలు. సగం మాత్రం నిజంగనే తెలుసు.

బాల్‌నర్సయ్య మళ్ల వచ్చిండు.
"బిడ్డనే చెయ్యమను" అన్నడు ఉస్తాద్‌తోని, నా దిక్కు చూడకుండ.
వాషర్ ఏసిన. టక్ ఇన్న.
అట్ట ఏసిన, బస్సు పోతే పోనీ అని.

పొద్దుగాల షటర్ లేపి మోకాళ్ల మీద కూసున్న.
అట్ట మీద ఏం లేదు.
ఏం లేనిదాన్ని రెండుసార్లు సదివిన.
ఉస్తాద్ చాయ్ పట్టుకొని వంగిండు,
మూలకు ఏలు చూపిండు:
"గిదేం లీకు?"

తడి కాళ్లతోని షెడ్డు పిల్లి
ఈ కొసనుంచి ఆ కొసకు
బండి కింద నడిచి పోయింది.