ర వత్తు

గవర్నరుపేట సందులో మా ప్రెస్సు.
రోహిణి కార్తె. రేకుల కప్పు కింద
సీసం అక్షరం పట్టుకుంటే వేలు చురుక్కుమంటోంది.
ఆ వారం నా స్టిక్కులోకి వచ్చింది మంచు.

మంచులో సమాధి.
కొయ్యదుంగల గదిలో ఒత్తిగిలి పడుకున్న మనిషి.
భుజం మీద పచ్చబొట్టు ఇంకా మాయలేదట,
కొమ్ములు మెలితిరిగిన దుప్పి.
రెండున్నర వేల ఏళ్లు.
పైన మట్టిదిబ్బ, దిబ్బ మీద రాళ్లు,
రాళ్ల మీద గడ్డి, గడ్డి మీద గాలి,
ఇంకేమీ లేదని రాశారు శోభనాద్రి గారు.

రష్యను చదువుకున్న పెద్దమనిషి.
ఏలూరు రోడ్డు పొడుగునా సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు,
ఎక్కగా ఎవరూ చూడలేదు.
స్టెప్పీకి తెలుగు మాట దొరక్క మూడు రోజులు దిగులుపడ్డారు.
బీడంటే దున్నని నేల. మైదానమంటే పిల్లలు ఆడేది.
బయలు అని రాశారు, కొట్టేశారు.
"దివిసీమలో ఉప్పెన పోయాక
తెల్లారి కంటికి ఆనిందే, అదండీ" అన్నాడు
ట్రెడిల్ దగ్గర్నుంచి సిలార్ సాహెబు.
ఆ మాట ఆయన రాసుకోలేదు.
ఆ పూట ఇంకేమీ రాయలేదు కూడా.

అసలు తిప్పలు గుర్రాలతో.
దొరతో పాటు గుర్రాల్నీ పూడ్చారు,
జీనులతో, తోకలు జడలల్లి.
ఒక దిబ్బలో పది, ఇంకోదాంట్లో పద్నాలుగు.
నా కేసులో ర వత్తులు అయిపోయాయి.
గుర్రం, గుర్రం, గొర్రెతోలు, ఎర్రరంగు, మళ్లీ గుర్రం.
లేనిచోటల్లా ఏదో ఒక అచ్చు
తలకిందులుగా నిలబెట్టాను.
ప్రూఫులో గుర్రాలన్నీ
ఒంటికాలికి నల్లగుడ్డ కట్టుకుని దిగాయి.

పదకొండో గ్యాలీలో పిల్లాడి గొయ్యి.
చిన్నది. దిబ్బ లేదు. బంగారం లేదు.
'తల దగ్గర అయిదు గొర్రె మడమ ఎముకలు' అని ఉంది రాతప్రతిలో.
నా చెయ్యి కేసు మీద ఆగింది.

నరసరావుపేట అవతల మా ఊరి మెరక మీద
గుండ్రంగా పాతిన రాళ్లుండేవి.
రాకాసిగూళ్లు అనేవాళ్లు.
మేకలు తప్ప అటు ఎవరూ పోరు.
మూడేళ్ల మా తమ్ముడు ఏసోబుని మా నాయన
ఆ రాళ్ల వారనే పెట్టాడు,
మాకు చూపించిన చోటు ఆ ఏడు వాగు కింద ఉంది గనక.
మన్ను కప్పే ముందు
ఎవరూ చూడకుండా అయిదు పలుకురాళ్లు జారవిడిచాను.
వాడికి ఆడటం రాదు.
ఎగరేసింది పట్టుకోలేక నోట్లో పెట్టుకునేవాడు.

తర్వాత రోడ్డు కంకరకని లారీలు వచ్చాయి.
రాయికింత అని రేటు కట్టారు.
రాళ్ల కింద ఏముందో లెక్కలో లేదు.

'మడమ ఎముకలు' తీసేసి
'అచ్చనగాయలు' అని పేర్చాను.
కంపోజిటరు మాట మార్చకూడదు.
తెలుసు.

ప్రూఫు మీద ఎర్రసిరా సున్నా చుట్టారు శోభనాద్రి గారు.
"ఎవరమ్మా ఇది?" అన్నారు.
నేను కేసులోకే చూస్తూ నిలబడ్డాను.
ఆయన కళ్లజోడు చాలాసేపు తుడుచుకుని
మార్జిన్లో రాశారు: ఉండనీ.

అచ్చయిపోయింది. ఫారం విప్పి
అక్షరాల్ని ఎవరి గళ్లలోకి వాళ్లని పంపాను.
గుర్రాలు మోసిన వత్తులు మర్నాడే
ఎవరిదో శుభలేఖలో, రాత్రి పదకొండు గంటల
ముహూర్తానికి హాజరయ్యాయి.

ప్రెస్సు మూసిన రోజు సీసమంతా
కిలోల లెక్కన వన్‌టౌన్ పోయింది.
అయిదు అచ్చులు కొంగున ముడేసుకున్నాను,
ఏరలేదు, చేతికందినవి.
కలిపితే ఏ మాటా కావవి.

ఇవాళ మనవరాలు డబ్బా మూత తీసి
గచ్చు మీద చతికిలబడి
ఒకటి ఎగరేసి, నాలుగు ఊడ్చి,
పడేదాన్ని మణికట్టు మీద ఆపుకుంది.

"చేతులు కడుక్కోవే," అన్నాను,
"సీసం అది."