రెండు నిషాదాలు

ఆర్గన్ పొట్టలోకి దూరి కూర్చున్నాడు ఈనాక్ థర్కెటిల్,
చెవి గొట్టానికి ఆనించి, చేతిలో కొవ్వొత్తి.
బయట మీటల ముందు మనవరాలు డోర్కస్.
"తర్వాతది" అంటాడు లోపల్నించి.
ఆ పిల్ల ఒక మీట వదిలి పక్కది నొక్కుతుంది.
పొద్దుటి నుంచీ ఇద్దరి మధ్యా అదొక్కటే మాట.

నార్ఫోక్‌లో నవంబరు.
గోడలకి చెమ్మ, ప్రార్థన పుస్తకాలకి చెమ్మ,
తగరపు గొంతులన్నిట్లో చెమ్మ.
ఆదివారానికి శ్రుతి చేస్తే బుధవారానికల్లా
ఏ గొట్టం దారి దానిదే.

ఆ సాయంత్రం సైకిల్ గోడకి ఆనించి
హాస్కెట్ లోపలికొచ్చాడు, మోకాళ్ళ దాకా బురద.
లైప్‌జిగ్‌లో ఆరేళ్ళు చదివాడు.
అక్కడో ముసలి గురువు ముక్కుపొడుం పీలుస్తూ
"మీ దేశం సంగీతాన్ని అద్దెకి తెచ్చుకుంటుంది నాయనా" అన్నాడట.
యుద్ధం వచ్చింది, పోయింది.
ఆ గురువూ పోయే ఉంటాడు.
మాట మాత్రం పంటి సందున పీచులా ఉండిపోయింది.

అందుకే ఊరూరా వెతుకుతున్నాడు
మా స్వరం ఏది, మాది మాత్రమే అయినది ఏది అని.
మొన్న పాముచేపలు పట్టే జేబెజ్ మాలెట్ పాడితే
కళ్ళనీళ్ళతో రాసుకున్నాడు: ఇదే, ఈ మట్టి వాసనే!
"రాటర్‌డామ్ ఉల్లిపాయల పడవవాడు నేర్పాడయ్యా,
నా పెళ్ళికి ముందు" అన్నాడు జేబెజ్.
హాస్కెట్ ఒక పేజీ కొట్టేశాడు.
పోనీ గాలిని విందామని చేలగట్టున నిలబడితే
అదీ నార్వే నుంచి వస్తోంది.

ఏడింటికి పాడేవాళ్ళు వచ్చారు, పదకొండుమంది.
తడి కోట్లన్నీ విప్పి టెనర్ల బెంచీ మీద పడేశారు.
ఆ బెంచీ ఖాళీయే, మూడేళ్ళుగా.
మిసెస్ గాదర్‌కోల్ వేలెత్తింది.

పాత పాట. ఎవరు కట్టారో కాగితం మీద ఎలుకలు తినేశాయి.
ముగింపు దగ్గర పైగొంతు మెట్టెక్కుతూ
కాకలి నిషాదాన్ని పట్టుకుంది.
అదే క్షణంలో కిందిగొంతు మెట్టు దిగుతూ
కైశికి నిషాదం మీద కాలు పెట్టింది.
ఒకే ఒరలో రెండు కత్తులు.
దీపాల గాజు సన్నగా అదిరింది.

"అచ్చుతప్పు," అన్నాడు హాస్కెట్. "ఒకటి దిద్దండి."
"దిద్దారు," అందావిడ. "మా అత్తగారి కాలంలో ఒక ఫాదరీ దిద్దించాడు.
పాట చక్కగా వచ్చింది.
ఎవరూ ఇంటికి పట్టుకుపోలేదు."

నాకైతే ఇలా కనిపిస్తుంది:
ఇరుకు గుమ్మం, బయట వాన,
ఇద్దరు ఒకేసారి వచ్చి ఆగారు.
"ముందు మీరు." "అయ్యో, మీరే ముందు."
ఎవరూ కదలరు. భుజాలు రాసుకుంటాయి.
లోపల పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి,
పైకి మాత్రం టోపీలు ఎత్తుతున్నారు.
మొహమాటంతో చేసే కొట్లాట అది.
గొంతు పెంచరు, వెనక్కీ తగ్గరు,
ఆ రాపిడినే దేవుడికి వినిపిస్తారు.

హాస్కెట్‌కి ఇదంతా తట్టిందో లేదో తెలీదు.
"ఇంకోసారి" అని మాత్రం అన్నాడు, తల దించుకుని.

పాడేవాళ్ళకంటే ముందే డోర్కస్ నొక్కేసింది
నల్లమీటా, దాన్ని ఒరుసుకున్న తెల్లమీటా, కలిపి.
తిత్తి ఊదే కుర్రాడు ఆవలింత మధ్యలో ఆగిపోయాడు.
లోపల్నించి తాత అరిచాడు:
"ఏదే అది? ఏది దించను?"

"ఏదీ వద్దు."

చాలాసేపు నొక్కే ఉంచింది.

తర్వాత అందరూ బెంచీ దగ్గరికి వెళ్ళి
ఎవరి కోటు వాళ్ళు వెతుక్కున్నారు.
హాస్కెట్ కోటు అన్నిటికంటే అడుగున ఉంది.
అది తీశాక
బెంచీ మీద తడి మరకలు, వరసగా,
మనుషులు కూర్చుని లేచినట్టు.