నూట పద్నాలుగు

గ్లేస్ బేలో మంచు తెరిపివ్వని పొద్దున
లియోనా ఫోన్ చేస్తుంది, నెలకోసారి, మంగళవారం.
"నా నంబరెంతమ్మా?"
పోయిన నెల నూట పదిహేను. అంతకు ముందూ అదే.

ఉన్న డబ్బుకి ఆపరేషన్ బల్ల
వారానికి ఒక్క పూట. మిగతావి తుంటి ఎముకలవి, గుండెలవి.
"నోరు కట్టుకుంటే పోయేదిగా" అంటారు
పై అంతస్తు సంతకాలవాళ్ళు, మెత్తగానే.
ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నారు కూడా,
ఈత వచ్చాకే నీళ్ళలో దిగమన్నట్టు.

ఆసుపత్రి కాటా ఎర్రర్ అని ఊరుకుంటే
పాత ఫ్యాక్టరీకెళ్ళి
చేపల పెట్టెలు తూచే కాటా ఎక్కింది.
తనే చెప్పింది నవ్వుతూ: "ఐసు తీసేసి తూచారు."

ముప్పై ఏళ్ళు అక్కడే కాడ్ కోసిన చేతులు.
ఇప్పుడు బూటు లేసు అందదు.
మనవరాలు కడుతుంది, రెండేసి ముళ్ళు.

ఈ మంగళవారం చూసి చెప్పాను:
నూట పద్నాలుగు.
అటువైపు చిన్న కేక. వెనక కెటిల్ ఈల.
"ఎవరికో అయిపోయిందన్నమాట!
దేవుడు చల్లగా చూడాలి."

తెర మీద
అలిస్టర్ పేరు పక్కన తేదీ ఉంది,
ఆపరేషన్‌ది కాదు.

అవునన్నాను.
వచ్చే నెల మళ్ళీ చెయ్యమన్నాను.